టీ గ్లాసు పట్టని చెయ్యి

అటవీ కళాశాలలో అందరూ ఆమెను అడ్డుపుల్ల మేడమ్ అంటారు. ముఖాన అనరు. ముఖాన ఏదైనా అనగలిగే వాళ్లే అయితే ఆమెకు ఆ పేరు వచ్చేదే కాదు. కొత్తగా చేరిన లెక్చరర్ ఒకామె పాపం అది ఇంటిపేరే అనుకుని, వరండాలో ఎదురుపడి, "నమస్తే అడ్డుపుల్ల మేడమ్" అని పలకరించింది. పక్కనున్న వాళ్లకు గుక్క తిరగలేదు. ఆమె మాత్రం నవ్వి, "పుల్లే కదమ్మా, దుంగ కాదుగా. పుల్లకే ఇంత భయపడితే ఎలా" అని వెళ్లిపోయింది.

ఆమె చెప్పే పాఠం విత్తనాలు, నర్సరీ. కళాశాలలో ఆ పాఠానికి గౌరవం తక్కువ. వన్యప్రాణుల వాళ్లకు జీపులున్నాయి, కలప విభాగానికి యంత్రాలున్నాయి, సర్వే వాళ్లకు ఆకాశం నుంచి తీసిన ఫోటోలున్నాయి. ఆమెకున్నవి మట్టి తొట్లు, గోనెసంచులు, ఒక బకెట్టు. ఏటా మొదటి క్లాసులో పిల్లలందరి చేతా ఒక్కటే పని చేయిస్తుంది. బకెట్టు నీళ్లలో తలా ఒక గుప్పెడు గింజలు వేయమంటుంది. గట్టివి మునుగుతాయి, తాలువి తేలతాయి. "పైకి రెండూ ఒక్కలాగే నిగనిగలాడతాయి. నీళ్లలో పడేదాకా ఏది తాలో తెలియదు" అంటుంది. పిల్లలు అది గింజల గురించే అనుకుని రాసుకుంటారు.

ఆమె తండ్రి కోత మిల్లులో దుంగలు కోసేవాడు. రంపం ఆయన కుడిచేతి వేళ్లలో రెంటిని మాత్రమే మిగిల్చింది. మిల్లు పనివాళ్ల సంఘం మీటింగులో కూలి పెంచమని అడగాలా వద్దా అన్నప్పుడు ఆ రెండు వేళ్ల చెయ్యే ముందు లేచేది. యాజమాన్యం మనిషి కిటికీలోంచి చూస్తూ, ఎవరెవరు చెయ్యెత్తారో గుర్తుపెట్టుకునేవాడు. అంతమందిలో ఆయన చెయ్యి ఒక్కటే పోల్చుకోవడం తేలిక. ఆయన పని పోయింది, వచ్చింది, మళ్లీ పోయింది. కూతురు చదువు మాత్రం ఆగలేదు. చెయ్యెత్తడమంటే ఏమిటో, దాని ఖరీదెంతో ఆమెకు పాఠాల్లో ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. అన్నం కంచం ముందు కూర్చుని నేర్చుకుంది.

అందుకే, పుస్తకాల్లో పుట్టి పుస్తకాల్లో పెరిగిన పండితులు చెయ్యెత్తడానికి పడే అవస్థ చూస్తే ఆమెకు మొదట్లో ఆశ్చర్యం, తర్వాత నవ్వు, ఆ తర్వాత రోత కలిగాయి.

కళాశాల పెట్టిన నాటి పెద్దలు మంచి నియమం ఒకటి పెట్టి పోయారు. కళాశాల అడవిలో చెట్టు కొట్టాలన్నా, నేల ఎవరికైనా ఇవ్వాలన్నా అధ్యాపక మండలి ఒప్పుకోవాలి. డీన్ ఒక్కడి మాట చెల్లదు. సభలో ఒకరు అభ్యంతరం చెబితే దాన్ని రాసుకుని ముందుకు పోవచ్చు. దానికి తోడుగా రెండో చెయ్యి లేచిందా, ఇక రహస్య ఓటు పెట్టి తీరాలి. ఎంత ముందుచూపు. పాపం, వాళ్లు అన్నీ ఆలోచించారు గానీ టీ సంగతి ఆలోచించలేదు.

సభ జరిగే హాల్లో డీన్ గారి బల్ల కింద ఒక మీట ఉంటుంది. మామూలు విషయాలు నడుస్తున్నంతసేపూ ఆయన దాన్ని ముట్టుకోడు. ప్రయోగశాలలో ఫ్యాను తిరగడం లేదనీ, పరీక్ష కాగితాలు పలచగా ఉన్నాయనీ పండితులు గంటల తరబడి సింహాల్లా గర్జిస్తారు. డీన్ గారు చిరునవ్వుతో వింటాడు. అసలు విషయం వచ్చేసరికి మోకాలితో మీట నొక్కుతాడు. తలుపు తెరుచుకుని టీ వస్తుంది. పిడి లేని స్టీలు గ్లాసుల్లో, అంచుదాకా, పొగలు కక్కుతూ. దాన్ని ఒక చేత్తో పట్టుకోవడం మనిషి వల్ల కాదు. పై అంచు ఒక చేత్తో, అడుగు ఇంకో చేత్తో, ఒళ్లో రెండు బిస్కెట్లు. సరిగ్గా ఆ క్షణంలో డీన్ గారు గొంతు సవరించుకుని, "ఎవరికైనా అభ్యంతరమా?" అంటాడు.

ఎవరికి చెయ్యి ఖాళీ? అభ్యంతరం లేకేం, ఉంటుంది. కానీ టీ కాలుతోంది. ఇలా ఆడపిల్లల హాస్టల్ సగం అతిథి గృహమైంది. గ్రంథాలయంలో పెద్ద హాలు కంపెనీల సమావేశ మందిరమైంది, అక్కడి పుస్తకాలు మెట్ల కిందికి చేరాయి. ప్రతిసారీ బయటికొచ్చాక ఒకరి చెవిలో ఒకరు, "అన్యాయం మాష్టారూ" అనుకునేవారు. "మరి అనకపోయారా?" అంటే, "చేతిలో గ్లాసుంది కదండీ" అనేవారు. నిజంగానే అనేవారు. డాక్టరేట్లు పుచ్చుకున్న మనుషులు.

ఆమె ఆ హాల్లో ఏనాడూ టీ ముట్టలేదు. ఇంట్లో రోజుకు నాలుగుసార్లు తాగే మనిషి. హాల్లో గ్లాసు చాపితే తల అడ్డంగా ఊపి, చేతులు రెండూ బల్ల మీద పరిచి కూర్చునేది. "ఎవరికైనా అభ్యంతరమా?" అనగానే ఒక్క చెయ్యి లేచేది. డీన్ గారు, "మేడమ్ అభ్యంతరం రాసుకోండి. తర్వాతి విషయం" అనేవాడు. రెండో చెయ్యి ఎప్పుడూ లేవలేదు. అడ్డుపుల్ల పేరు అలా వచ్చింది. పుల్ల ఒక్కటే అయితే ఏ బండి ఆగుతుంది?

ఇదంతా ఒక ఎత్తు, తల్లిచెట్ల తోపు ఒక ఎత్తు.

కళాశాల వెనక, నర్సరీని ఆనుకుని ఆ తోపు ఉంది. ముందుతరం మాష్టార్లు దూరదూరపు అడవులు తిరిగి తెచ్చిన గింజలు మొలకెత్తించి పెంచిన చెట్లవి. విత్తనం కోసమే ఉంచిన చెట్లు కాబట్టి తల్లిచెట్లు అంటారు. వాటిలో కొన్ని పుట్టిన అడవులు ఇప్పుడు జలాశయాల అడుగున ఉన్నాయి, కొన్ని గనుల కింద పోయాయి. ఒక రకం చెట్టయితే గింజ మొలవడానికి రెండు వానాకాలాలు తీసుకుంటుంది. అంత ఓపిక లేక దాన్ని ఎవరూ పెంచరు. ఆమె పెంచుతుంది. చుట్టుపక్కల ఎక్కడ అడవి మళ్లీ నాటాలన్నా గింజకు రావాల్సింది ఈ తోపుకే. ఆమె కొలువుకు, ఆమె బతుకుకు, ఆమె పొగరుకు అన్నింటికీ వేరు అక్కడే ఉంది.

ఆ తోపు మీద ప్లైవుడ్ కంపెనీ కన్ను పడింది. నిజానికి కంపెనీ కన్ను దానంతటది పడలేదు. తీసుకొచ్చి పడేసింది ఒప్పందాల మాష్టారు.

ఈయన ఉద్యోగం భాగస్వామ్యాల సమన్వయం. పాఠం చెప్పి ఎన్నాళ్లయిందో ఆయనకే గుర్తులేదు. గది గోడ నిండా కరచాలనాల ఫోటోలు. కాగితం మిల్లుతో ఒప్పందం, పెన్సిళ్ల కంపెనీతో ఒప్పందం, ఏవో ఊళ్ల విశ్వవిద్యాలయాలతో ఒప్పందాలు. పెన్సిళ్ల కంపెనీ నుంచి కళాశాలకు ఇంతవరకూ ఒక్క పెన్సిలూ రాలేదు. అయినా ఫోటో వచ్చింది కదా. ఈసారి పెద్ద చేపే పడిందన్నాడు. తల్లిచెట్ల తోపు ఉన్న నేల కంపెనీకి దీర్ఘకాలం అప్పగిస్తే, ఆ చెట్లు తీసేసి ఒకే తల్లిచెట్టు కొమ్మల నుంచి పెంచిన జామాయిల్ క్లోన్లు వరసల్లో నాటుతారు. దానికి ఆదర్శ భాగస్వామ్య క్షేత్రమని పేరు. ప్రతిపాదనలో తోపును "నిరుపయోగ వృక్ష సముదాయం" అని రాశాడు. బదులుగా కంపెనీ ఏమిస్తుంది? కొందరు అధ్యాపకులకు విదేశీ పర్యటన. కలప విభాగానికి, దుంగ మీంచి పలచని పొరలు ఒలిచే యంత్రం. అత్త సొత్తు అల్లుడు దానం చేసినట్టు, ఎవరో నాటిన చెట్లు, ఎవరి కోసమో నాటిన చెట్లు, వీళ్లు దానం చేస్తున్నారు.

చిక్కేమిటంటే, ఆ యంత్రం కోసం ఎదురుచూస్తున్న కలప విభాగం మాష్టారు ఆమె భర్త.

ఆయన చెడ్డవాడేం కాదు. మంచివాడు కూడా, ఎవరూ చూడని చోట. పొర ఒలవడం అనే పాఠాన్ని ఏళ్లుగా బోర్డు మీద బొమ్మ గీసి చెబుతున్నాడు. ఆ యంత్రం ముఖం చూడకుండా పట్టా పుచ్చుకున్న పిల్లలు ఉద్యోగాలకు వెళ్లి నవ్వులపాలై వస్తుంటే ఆయనకు తల కొట్టేసినట్టుంటుంది. కంపెనీ ఆ యంత్రం బొమ్మలున్న పుస్తకం పంపినప్పటి నుంచి దాన్ని మంచం పక్కనే పెట్టుకున్నాడు. సభ ముందు రోజు సాయంత్రం, ఆమె వంటింట్లో గిన్నెలు తుడుస్తుంటే వచ్చి గుమ్మానికి చేరబడ్డాడు. చాలాసేపు యంత్రం గురించి, పిల్లల గురించి, తోపు వేరే చోట మళ్లీ వేసుకోవచ్చన్న సంగతి గురించి చెప్పాడు. ఆమె గిన్నెలు తుడుస్తూనే ఉంది.

"ఈ ఒక్కసారికి టీ తాగు" అన్నాడు చివరికి.

ఆమె చేతిలో గుడ్డ ఆగింది. ఇంతకాలంలో ఆయన ఆమెను ఏదీ ఇలా అడగలేదు. నువ్వు మాట్లాడకు అని ఎప్పుడూ అనలేదు. అందుకు ఆమెకు ఆయన మీద గౌరవం ఉండేది. ఇప్పుడు కూడా మాట్లాడకు అనలేదు. టీ తాగమన్నాడు, అంతే. ఆ అధ్యాపక మండలి తన వంటింట్లోకి వచ్చి నిలబడ్డట్టు అనిపించింది.

"నేనొకటి అడుగుతాను, ఇస్తారా?" అంది. "మిమ్మల్ని చెయ్యెత్తమనడం లేదు. అది మీ ఇష్టం. గ్లాసు మాత్రం పట్టుకోకండి. చేతులు ఖాళీగా పెట్టుకుని కూర్చుని, అప్పుడు కూడా ఎత్తకపోతే నేనేం అనుకోను."

ముందుగదిలో మంచం మీద పడుకున్న అత్తగారికి చూపు మందగించింది గానీ చెవులు పాము చెవులు. "ఏరా, చిన్నప్పుడు బడిలో నీకు లెక్క వచ్చినా చెయ్యెత్తేవాడివి కాదు. పక్కవాడు ఎత్తాక ఎత్తేవాడివి. ఇప్పుడు పక్కనున్నది పెళ్లామే కదరా" అంది. "నువ్వూరుకోమ్మా, నీకు తెలియదు" అని ఆయన విసుక్కున్నాడు. "అవునవును, నాకేం తెలుసు. అమ్మాయ్, నాకు కాస్త టీ పొయ్యి" అంది ఆవిడ.

అంతకుముందు వారమంతా రెండో చెయ్యి కోసం ఆమె తిరగని గది లేదు. వన్యప్రాణుల మాష్టారు ఆమె చెప్పిందంతా విని, తోపులో ఉన్న పిట్టల పేర్లన్నీ చెప్పి, కళ్లు తుడుచుకుని, సభ రోజు తాను క్యాంపులో ఉంటానన్నాడు. నేలల ప్రొఫెసర్ గారు కర్ర విరగకుండా పాము చావకుండా, మధ్యేమార్గంగా సగం చెట్లు ఉంచితే ఎలా ఉంటుందని అడిగాడు. ఏ సగమని ఆమె అడిగితే, అది ఉపసంఘం తేలుస్తుందన్నాడు. సర్వే మేడమ్, "నా మనసు మీ దగ్గరే ఉందండీ" అంది. మనసు సభకు రాదని, చెయ్యి కావాలని ఆమె చెప్పి వచ్చింది. ఒప్పందాల మాష్టారి గది ముందు మాత్రం ఆమె ఆగలేదు. దొంగ ఇంటి తలుపు తట్టి తాళం అడిగే అమాయకురాలు కాదు.

సభ రోజు హాలు నిండింది. క్యాంపుకు పోతానన్న వన్యప్రాణుల మాష్టారు కూడా వచ్చాడు. పర్యటనకు వెళ్లేవాళ్ల పేర్లు పొద్దునే గోడకు అంటించారట, అందుకని. డీన్ గారి పక్కన కంపెనీ మనిషి, చేతికి మెరిసే గడియారంతో, ప్రత్యేక ఆహ్వానితుడిగా కూర్చున్నాడు. ఒప్పందాల మాష్టారు కొత్త కోటులో వచ్చి ఒక మూల కూర్చున్నాడు. ప్రతిపాదన ఆయన చదవాలి. ఎందుకో డీన్ గారే చదివాడు. ఫలానా భాగస్వామ్యం, ఫలానా ప్రగతి, ఫలానా ఉజ్జ్వల భవిష్యత్తు. చదువుతూ చదువుతూ మోకాలు కదిపాడు. తలుపు తెరుచుకుంది, టీ వాసన వచ్చింది.

ఆమె లేచి నిలబడింది.

"అయ్యా, చిన్న మనవి. ఇవాళ టీ తీర్మానం అయ్యాక ఇప్పించండి."

హాల్లో ఎవరో కిసుక్కున నవ్వారు. డీన్ గారు నవ్వలేదు. "టీకి కూడా అభ్యంతరమా మేడమ్?" అన్నాడు.

"టీకి కాదండీ. పెద్దవాళ్లు, అతిథి వచ్చారు. ఇంత పెద్ద విషయం. చేతులు కాల్చుకుంటూ నిర్ణయిస్తే బావుండదని."

కంపెనీ మనిషికి ఇక్కడి మర్యాదలు తెలియవు. "మంచి మాట, మంచి మాట, తర్వాతే తాగుదాం" అని తల ఊపాడు. అతిథి ఊపిన తలను డీన్ గారు ఎలా కాదంటాడు? టీ గ్లాసులు గోడ వారన బల్ల మీదికి వెళ్లాయి. అక్కడే కూర్చుని మీగడ కట్టడం మొదలుపెట్టాయి.

ఇక చూడాలి ఆ చేతుల అవస్థ. ఏళ్ల తరబడి గ్లాసుల చాటున దాక్కున్న చేతులు ఒక్కసారిగా బల్ల మీద బట్టల్లేకుండా నిలబడ్డట్టయింది. నేలల ప్రొఫెసర్ గారు కళ్లద్దాలు తీసి తుడవడం మొదలుపెట్టాడు. ఆ అద్దాలు అంత శుభ్రంగా ఎన్నడూ లేవు. వన్యప్రాణుల మాష్టారు రెండు చేతులూ జేబుల్లోకి తోశాడు. సర్వే మేడమ్ హ్యాండ్‌బ్యాగులో ఏదో వెతుక్కుంది. ఆ వెతుకులాట అంతు లేనిది. ఒకాయన చేతుల మీద కూర్చున్నాడు. అవును, అరచేతులు కుర్చీకీ తనకీ మధ్య పెట్టుకుని, బడిలో అల్లరి చేసి దొరికిపోయిన పిల్లాడిలా. ఎవరి పిల్లలకు చదువు చెప్పడానికి నియమించారో ఈ మనుషుల్ని.

"ఎవరికైనా అభ్యంతరమా?" అన్నాడు డీన్ గారు.

ఆమె చెయ్యి లేచింది. "మేడమ్ అభ్యంతరం రాసుకోండి" అని ఆయన అలవాటుగా అని, ఆగాడు. ఈసారి అందరి చేతులూ ఖాళీ అని ఆయనకూ తట్టినట్టుంది. ఆమె భర్త వైపు చూడలేదు. చూస్తే అది అడిగినట్టవుతుంది. మూడు కుర్చీల అవతల ఆయన చేతులు బల్ల మీద ఉన్నాయని మాత్రం కంటి చివర తెలుస్తోంది. ఆ చేతులు మెల్లగా వెనక్కి జరిగాయి. బల్ల అంచు దాటాయి. ఒళ్లోకి దిగిపోయాయి.

బకెట్టు నీళ్లు గుర్తొచ్చాయి ఆమెకు. తేలుతున్న గింజను పొరపాటున గట్టిదని పక్కన పెట్టుకున్నట్టు.

అప్పుడు హాలు మూల నుంచి, కొత్త కోటులోంచి ఒక చెయ్యి లేచింది. "నాకూ అభ్యంతరం ఉంది."

ఒప్పందాల మాష్టారు. ప్రతిపాదన రాసిన మనిషి. డీన్ గారి నోరు తెరుచుకుని అలాగే ఉండిపోయింది. కంపెనీ మనిషి తన గడియారం చూసుకున్నాడు, తప్పుడు సభకు వచ్చానా అన్నట్టు. ఒప్పందాల మాష్టారు లేచి, ఆ చెట్ల శాస్త్రీయ విలువ గురించి, రాబోయే తరాల గురించి, తన మనస్సాక్షి గురించి కన్నీళ్లు పెట్టించేలా మాట్లాడాడు. ఆమె చెప్పాలనుకున్న మాటలే, ఆమె కంటే బాగా చెప్పాడు.

ఆ మనస్సాక్షి ఆ పొద్దునే పుట్టింది. గోడకు అంటించిన పర్యటన జాబితాలో ఒప్పందాల మాష్టారి పేరు లేదు. ఆ చోట డీన్ గారి బావమరిది పేరుంది. కోటు ఆ ప్రయాణం కోసం కుట్టించుకున్నదే.

రెండో చెయ్యి ఏ చెయ్యని నియమం అడగదు. రహస్య ఓటు పెట్టక తప్పలేదు. పెట్టె లేదు, ఇన్నేళ్లలో ఎన్నడూ దాని అవసరం పడలేదు మరి. బిస్కెట్ల డబ్బా ఖాళీ చేసి దానిలో చీటీలు వేశారు. లెక్కపెడితే, నేల ఇవ్వాలన్నవి నాలుగు. మిగిలినవన్నీ వద్దనే. హాలంతా వద్దనే.

డీన్ గారు ఆ చీటీలను తిరగేసి మరగేసి చూశాడు. ఆమె కూడా చూసింది. గెలిచినందుకు సంతోషం రావాలి. వచ్చింది కూడా, కాస్త. చీటీలను మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టింది. ఇంతమంది. ఇన్నేళ్లుగా ఇంతమంది. హాస్టల్ పోయిన రోజూ ఇంతే మంది ఉండి ఉంటారు. పుస్తకాలు మెట్ల కిందికి పోయిన రోజూ ఉండి ఉంటారు. ఒక్క చెయ్యి, ఒకే ఒక్క చెయ్యి తోడు లేక అవన్నీ పోయాయి. పిరికివాళ్లకు అభిప్రాయాలు లేవనుకుంటాం. ఉంటాయి. మడతపెట్టిన చీటీలో భద్రంగా ఉంటాయి.

వరండాలో ఒక్కొక్కరే వచ్చారు. "నేను మీకే వేశానండీ" అని నేలల ప్రొఫెసర్. "ముందునుంచీ నేను మీ వైపే" అని వన్యప్రాణుల మాష్టారు, మళ్లీ కళ్లు తుడుచుకుంటూ.

"సంతోషమండీ" అంది ఆమె. "ఇంతమందిని నా వైపు పెట్టుకుని కూడా ఒంటరిగా ఉండటమెలాగో మీరంతా కలిసి నేర్పారు."

ఒప్పందాల మాష్టారికి మాత్రం చేతులు జోడించింది. ఆయన కోటు సర్దుకుని, "మనస్సాక్షి మేడమ్, మనస్సాక్షి" అన్నాడు. ఆమె కాదనలేదు. నర్సరీ మనిషికి తెలుసు. ఎరువు ఎక్కడి నుంచి వచ్చిందని మొక్క ముక్కు మూసుకోదు.

ఇంటికి వచ్చేసరికి అత్తగారు మంచం మీద లేచి కూర్చుని ఉంది. ఏమైందని అడిగింది. తోపు మిగిలిందని చెబితే, "మరి రెండో చెయ్యి?" అంది. ఆమె చెప్పింది. ముసలావిడ, కొడుకు చెప్పుల చప్పుడు వినబడగానే గోడవైపు తిరిగి పడుకుంది.

ఆయన వచ్చి తిన్నగా వంటింట్లోకి పోయాడు. తనే టీ పెట్టాడు. రెండు గ్లాసులు రెండు చేతుల్లో పట్టుకుని ఆమె ముందు నిలబడ్డాడు.

"నేను కూడా నీకే వేశాను" అన్నాడు. "యంత్రం రాదని తెలిసే వేశాను."

అది నిజమని ఆమెకు తెలుసు. ఆయన అబద్ధమాడడు.

"వేశారు, సరే" అంది. "చేతులెందుకు దించుకున్నారు?"

గ్లాసులు కాలుతున్నా కింద పెట్టడం తోచక ఆయన అలాగే నిలబడ్డాడు. ఆమె తన గ్లాసు అందుకోలేదు. "అక్కడ పెట్టండి, చల్లారాక తాగుతాను" అని నర్సరీ వైపు వెళ్లిపోయింది. అప్పటి నుంచి ఇంట్లో మాటలు నడిచాయి, పనులు నడిచాయి. ఆయన టీ పెట్టినప్పుడల్లా ఆమె అదే మాట అంటూ వచ్చింది. అత్తగారు ఇద్దరి మధ్యా కల్పించుకోలేదు. కల్పించుకోకపోవడమే ఆవిడ పుచ్చుకున్న పక్షం.

కళాశాల సంగతి వేరు. ఓడిపోయిన డీన్ గారు పది రోజులు తేలు కుట్టిన దొంగలా తిరిగి, పదకొండో రోజుకు తోపును కాపాడిన మనిషయ్యాడు. ఎలా అయ్యాడని అడగకూడదు; కుర్చీలో ఉన్నవాడు ఏదైనా అవుతాడు. పత్రికలో ఫోటో వచ్చింది, తల్లిచెట్ల నీడలో డీన్ గారు. ప్లైవుడ్ కంపెనీ కూడా మాట మార్చి, పర్యావరణ స్పృహ గల కంపెనీ అనిపించుకోవడం ఇంకా చవకని గ్రహించి, తోపుకు పాలరాతి ఫలకం బహూకరిస్తానంది. దాని మీద కంపెనీ పేరు, డీన్ గారి పేరు, "చొరవ", "పరిరక్షణ" వంటి మాటలు చెక్కిస్తారు. ఒప్పందాల మాష్టారికి మలి పర్యటనలో చోటు దొరికింది. ఫలకం తాలూకు ప్రతిపాదన ఆయనే రాశాడు.

తర్వాతి సభలో ఫలకం విషయం వచ్చింది. టీ మళ్లీ పాత పద్ధతికి వచ్చేసింది. ఈసారి అతిథి ఎవరూ లేరు కాబట్టి ఆమె మనవిని డీన్ గారు విననట్టే ఊరుకున్నాడు. ఒప్పందాల మాష్టారు చదివాడు. ఫలకం తోపు మధ్యలో పెడతారు. ఆవిష్కరణకు వచ్చే పెద్దల కార్లు అక్కడిదాకా పోవాలి. దారి కోసం తూర్పు వైపున ఉన్న ఒక చెట్టు తీసేయాలి. ఒక్కటే. ఆ చెట్టేదో ఆయన చెప్పకముందే ఆమెకు అర్థమైంది. రెండు వానాకాలాల ఓపిక గల చెట్టు. ఆ రకంలో తోపులో మిగిలినది అదొక్కటే.

చెట్లను కాపాడామని రాయి పాతడానికి చెట్టు కొడతారు. ఈ పని చేయడానికి అడవిశాస్త్రం చదివి ఉండాలి. చదవనివాడికి ఇంత ఆలోచన రాదు.

మోకాలు కదిలింది. టీ వచ్చింది. గ్లాసులు చేతుల్లోకి వెళ్లాయి, బిస్కెట్లు ఒళ్లోకి దిగాయి, ముఖాల మీదికి ఆ పాత ప్రశాంతత వచ్చింది. చెయ్యి కాలడం ఎంత హాయి.

"ఎవరికైనా అభ్యంతరమా?"

ఆమె చెయ్యి లేచింది. "మేడమ్ అభ్యంతరం రాసుకోండి. తర్వాతి..." అంటున్నాడు డీన్ గారు. ఒప్పందాల మాష్టారు ఈసారి టీ ఊదుకుంటున్నాడు. మనస్సాక్షికి ప్రయాణ ఏర్పాట్లు అయిపోయాయి.

మూడు కుర్చీల అవతల గ్లాసు ఒకటి బల్ల మీద దబ్బున పడిన చప్పుడైంది. టీ ఒలికి బల్ల మీద పారింది, ప్రతిపాదన కాగితాల కిందికి పోయింది. పక్కనున్న సర్వే మేడమ్ కుర్చీ వెనక్కి లాక్కుంది. తడిసి, ఎర్రగా కమిలిన చెయ్యి ఒకటి పైకి లేచింది. పూర్తిగా కాదు. చెవి దాకా లేచి, ఇంకా పైకి పోవాలా వద్దా అని అక్కడే నిలబడింది.

ఆమె అటు తిరిగింది. ఆయన ఆమెను చూడటం లేదు. డీన్ గారినే చూస్తున్నాడు.

"మాష్టారూ" అంది ఆమె, సభలో అందరినీ పిలిచినట్టే. "ఇంకాస్త పైకి. అక్కడి నుంచి వారికి కనపడదు."